గోడ మీది కాగితం

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగం)

 

నేను అమెరికా వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. ఊరికి వచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు ఒకటే అడుగుతారు: "అక్కడ నీకెవరున్నార్రా?" ఈ రోజు దానికి జవాబు చెప్పాలనుకుంటున్నాను.

నేను ఆర్.సి.ఎం. గుడి వీధి పిల్లవాణ్ణని మీకు తెలుసు. అక్కడికి వెళ్లాక కూడా ఆదివారం పూజ మానలేదు. గుడి గుమ్మం దగ్గర అందరూ నవ్వుతూ పలకరించేవారు. కారెక్కేసరికి మళ్లీ ఒంటరినే. రెండేళ్లు అలాగే గడిచింది.

ఒక తపస్సు కాలంలో ఒక పెద్దాయన నన్ను ఆపి, "శుక్రవారం సాయంత్రం ఖాళీయేనా? బంగాళాదుంపలు తరగడానికి మనుషులు చాలడం లేదు" అన్నాడు. ఆ శుక్రవారాల్లో మాంసం ముట్టరు గనుక గుడి హాల్లో వేయించిన చేపలతో భోజనం పెట్టి, వచ్చిన డబ్బు సేవకు వాడతారు. వెళ్లాను. తర్వాతి వారం వంటగది గోడ మీద ఒక కాగితం కనిపించింది. 'గిన్నెలు కడగడం' అన్నదాని పక్కన నా పేరుంది, అక్షరం తప్పుతో. ఆ దేశంలో నా కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని మొదటిసారి అనిపించింది అప్పుడే.

వాళ్లు నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కతోలిక పురుషుల సంఘంవాళ్లు. కొన్నాళ్లకు నేనూ సభ్యుణ్ణయ్యాను. దాన్ని 1882లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో మైకేల్ మెక్‌గివ్నీ అనే యువ గురువు స్థాపించారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. ఆయన సెమినరీలో ఉండగానే తండ్రి చనిపోయారు. ఇంటి పెద్ద పోతే కుటుంబం ఏమవుతుందో ఆయనకు స్వయంగా తెలుసు. విచారణలో చాలామంది ఐరిష్ వలస కూలీలు. సంపాదించేవాడు పోతే భార్యాపిల్లలకు దిక్కుండేది కాదు. అందుకే సభ్యులు తలా కొంత వేసుకుని చనిపోయినవాడి కుటుంబాన్ని ఆదుకునే ఏర్పాటు చేశారు. 38 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. 2020లో తిరుసభ ఆయనను ధన్యుడిగా ప్రకటించింది. నేడు ఆ సంఘంలో ఇరవై లక్షల మందికి పైగా ఉన్నారు.

మా విచారణలో ఒక సభ్యుడు పోతే జపమాల చెప్పడానికి వెళతాం, భోజనం పంపుతాం. ఆ చలికాలమంతా ఆ ఇంటి ముందు మంచు తీస్తాం. ఎవరు ఏ రోజు అన్నది కాగితం మీద రాసి ఉంటుంది.

ఇక నా తప్పు చెప్పాలి. కిందటేడాది మన బ్యాచ్‌మేట్ ఒకడు పోయాడు. వాట్సాప్‌లో అందరం చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. నేనూ పెట్టాను. ఆ వారమే, నాకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక అమెరికన్ ఇంటికి సూపు పట్టుకెళ్లాను. ఒకే బెంచీ మీద కూర్చున్న నా స్నేహితుడి భార్యకు ఫోన్ చేయలేదు.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. ఆ చెల్లెమ్మ నన్ను నిష్ఠూరమాడలేదు. "మీ మెసేజీలన్నీ చూశానన్నయ్యా. డబ్బు సంగతి కాదు, పింఛను కాగితాల్లో ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పేవాళ్లే లేకపోయారు" అంది. తల ఎత్తలేకపోయాను.

మిత్రులారా, మన గ్రూపులో పేరుంటే మన సంఘంలో ఉన్నట్టేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. మన పేరు ఒక పని పక్కన ఉండాలి. నేను చెప్పిన సంఘం కతోలిక మగవాళ్లది. మనలో అన్ని మతాలవాళ్లూ ఉన్నాం, ఆడా మగా ఉన్నాం. వాళ్ల ప్రార్థనలు మనందరివీ కానక్కరలేదు. ఆ కాగితం మాత్రం తెచ్చుకోవచ్చు.

అందుకే బ్యాచ్‌కొక కాగితం భోజనాల హాలు గోడకు అంటించాను. ఆసుపత్రికి తోడు వెళ్లడం, ఆఫీసు కాగితాలు చూడడం, పిల్లల ఫీజులు కనుక్కోవడం, నెలకోసారి ఫోన్ చేయడం అని నాలుగు పనులు రాశాను. దూరంగా ఉంటాను గనుక ఫోన్ పక్కన నా పేరు వేసుకున్నాను. మిగతా మూడూ ఖాళీగా ఉన్నాయి. భోజనానికి వెళుతూ ఒకసారి అక్కడ ఆగండి.