బౌద్ధమును తెలియగోరువారికి తొలి గ్రంథములు



గ్రంథాలయమునకు వచ్చి "బుద్ధుని గూర్చి ఏదైన మంచి పుస్తకము కలదా?" అని యడుగు యువకుని చేతిలో ఏ పుస్తకము పెట్టవలెను? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని గ్రంథ భాండాగారికి ఇంతకంటె చిక్కైన ప్రశ్న అరుదు. బీరువాలో ఒక పుస్తకము బుద్ధుని విష్ణుమూర్తి యవతారముగ వర్ణించును. దాని ప్రక్కనున్నది ఆయనను దేవుని ఊసెత్తని హేతువాదిగ నిలుపును. వేరొకటి హంస కథతోను, అంగుళిమాలుని కథతోను సరిపుచ్చును. ఏది ముందు చేతికి వచ్చిన అదియే బౌద్ధమని పాఠకుడు నమ్మి, రెండవ పుస్తకము తెరువకయే జీవితము గడపివేయుట కద్దు.

గరికపాటి పాఠకునకు ఈ విషయమున ఒక సౌకర్యము కలదు. అతని మొదటి గ్రంథము కాగితముపై లేదు. కొద్ది మైళ్ళ దూరమున జగ్గయ్యపేట చెంత ధనంబోడుపై రాతిలో నున్నది. 1882లో జేమ్స్ బర్జెస్ ఆ దిబ్బను పరిశోధించునాటికే స్తూపపు రాళ్ళు పెక్కు తరలిపోయినవి. పేరును బట్టి చూడగా, దానిలో ధనమున్నదని పూర్వులు తలచినట్లున్నది. మిగిలిన రాళ్ళపై నున్న శాసనము ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని ఇరువదియవ పాలన సంవత్సరము నాటిది. అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దిది. వెలగిరి యందలి మహాచైత్యపు తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభములను నిలిపినవాడు రాజు కాడు, రాణి కాదు. నడతూరు గ్రామమునకు చెందిన శిల్పి నాగచంద్రుని కుమారుడు, తానును శిల్పియే యగు సిద్ధార్థుడు. సర్వప్రాణుల హితమునకును సుఖమునకును ఈ దానము చేసితినని చెప్పించినాడు. ఉలి పట్టిన చేతితో బ్రదికిన ఒక తెలుగునేల మనిషి బౌద్ధమునుండి ఏమి గ్రహించెనో చెప్పు సాక్ష్యమిది. దీనికి వ్యాఖ్యాత అక్కరలేదు.

ఆ స్తూపమునకే చెందిన మరియొక ఫలకము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. క్రీస్తుపూర్వపు శిల్పమది. ఒక చక్రవర్తి చేయెత్తి నిలిచియున్నాడు. మేఘములనుండి చదరపు నాణెములు వానవలె కురియుచున్నవి. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, మణి, రాణి, గృహపతి, మంత్రి యను సప్తరత్నములు. చూచినవాడు దీనిని ఐశ్వర్య వర్ణన యనుకొని పోవచ్చును. ఈతడు మాంధాత యని పండితులు పోల్చిరి. మాంధాత కథకై పాలి జాతకముల నాశ్రయింపవలెను. 547 జాతకములలో 258వది మాంధాతు జాతకము. చప్పట్లు చరచిన మాత్రమున రత్నవర్షము కురిపింపగల ఆ రాజు భూమి చాలక స్వర్గమున కేగును. ఇంద్రునితో సగపాలు పంచుకొనును. ముప్పదియారుగురు ఇంద్రులు గతించినను తృప్తి కలుగదు. తుదకు ఇంద్రునే చంపి అంతయు తానే ఏలవలెనని తలచి, ఆ తలపుతోనే ముసలివాడై, భూమిపై నొక తోటలో పడి మరణించును. నాణెముల వానచేత కూడ కోరిక తీరదను భావముగల గాథలు ఈ జాతకమున నున్నవి. అవియే ధమ్మపదమున బుద్ధవర్గమున 186, 187 సంఖ్యలతో కాననగును.

జగ్గయ్యపేట రాయినుండి జాతకమునకు, జాతకమునుండి ధమ్మపదమునకు దారి ఈ విధముగ తానై ఏర్పడుచున్నది. ధమ్మపదము చిన్న గ్రంథము. 26 వర్గములు, 423 గాథలు. తెలుగున అనువాదములు ఒకటికంటె నెక్కువ కలవు. దినమునకు ఒక వర్గము చొప్పున చదివినను నెల తిరుగకమునుపే ముగియును. తొలి పాఠకునకు ఇంతకంటె మేలైన ప్రవేశద్వారము లేదు.

చిక్కు దీని తరువాత వచ్చును. బుద్ధుని జీవితమును తెలిసికొనగోరి పాఠకుడు కావ్యము తెరచును. పింగళి కాటూరి కవుల సౌందరనందమువంటి రచన తెలుగువారి భాగ్యమే. దానికి మూలపురుషుడైన అశ్వఘోషుడు బుద్ధచరితమును కూడ రచించెను. ఆ బుద్ధచరితమున రాజకుమారుడు ముసలివానిని, రోగిని, శవమును, సన్న్యాసిని చూచి విరక్తుడై అర్ధరాత్రి ఇల్లు విడుచును. ఎల్లరెరిగిన కథయే. మజ్ఝిమ నికాయమందలి అరియపరియేసన సూత్రము చదివినచో ఆ నాలుగు దృశ్యములు లేవు. నల్లని జుట్టుగల యౌవనముననే, తలిదండ్రులు కన్నీరు పెట్టుకొనుచుండగా, శిరోముండనము చేసికొని వెడలితినని బుద్ధుడే చెప్పినట్లున్నది. దీఘ నికాయమున ఆ నాలుగు దృశ్యములున్నవి కాని, అవి విపస్సి యను పూర్వ బుద్ధునివి. ఇక 1957లో వెలువడిన అంబేడ్కరు గ్రంథము "బుద్ధుడు - ఆయన ధర్మము" మరియొక కారణము చెప్పును: రోహిణీనది నీటికై శాక్యులకును కోలియులకును తగవు వచ్చినప్పుడు యుద్ధమును వ్యతిరేకించి సిద్ధార్థుడు దేశత్యాగ మంగీకరించెనట. ఇరువదితొమ్మిదేండ్ల వయసువరకు మనిషి ముసలితనమునే చూడకుండునా యని అంబేడ్కరు ప్రశ్న. కాలువ నీటి తగవు లెరిగిన పల్లెవాసి ఈ మాటను ఊరకయే త్రోసివేయజాలడు.

వీనిలో ఏది సత్యమని తొలినాడే తేల్చుకొనబోవుట తగదు. సూత్రము, కావ్యము, ఇరువదవ శతాబ్దిలో తనవారికి మార్గము వెదకిన నాయకుని రచన: మూడును మూడు పనులకై పుట్టినవి. ఎవరు, ఎప్పుడు, ఎవరికై చెప్పుచున్నారో అడుగనేర్చినవానిని ఏ పుస్తకమును మోసగింపలేదు. ఈ ప్రశ్న వేయని పాఠకునకు త్రిపిటకమంతయు చదివించినను ప్రయోజనము కొంచెమే.

సూత్రములలో గృహస్థునకు మొదట తగినది సిగాలోవాద సూత్రము. ఉదయమున స్నానమాడి ఆరు దిక్కులకు మ్రొక్కు యువకునకు బుద్ధుడు ఆ దిక్కుల నర్థము మార్చి చెప్పును: తూర్పు తలిదండ్రులు, దక్షిణము గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరము మిత్రులు, క్రిందిదిక్కు పనివారు, పైదిక్కు శ్రమణ బ్రాహ్మణులు. పనివారికి శక్తికి తగిన పని, తిండి, కూలి, జబ్బు చేసినప్పుడు ఉపచారము ఇయ్యవలెనని అందున్నది. దాని తరువాత కాలామ సూత్రము. దీనిని "ఎవరి మాటయు నమ్మవలదు" అను ఒక్క ముక్కగా ఉపన్యాసకులు వాడుట పరిపాటియైనది. సూత్ర మంతటితో ఆగదు. లోభము, ద్వేషము, మోహము పుట్టించునది హానికరమని స్వయముగ గుర్తించి విడువుమని చెప్పును. సగము చదువుటకంటె చదువకుండుట మేలు.

తెలుగు పాఠకునకు మాటలతో నొక ప్రమాదము కలదు. ఇంగ్లీషువాడు "కర్మ"ను కొత్తమాటగ నేర్చుకొనును. తెలుగువాడు తనకు తెలిసినదే యనుకొనును. "నా ఖర్మ" యని నుదురు కొట్టుకొనునప్పుడు ఆ మాటకు విధియని యర్థము. బుద్ధుడు చేతనను, అనగా సంకల్పమును, కర్మ యనెను. "ధర్మము చేయుము తల్లీ" యనుచోట ధర్మము భిక్షము. సహకార సంఘము వేరు, భిక్షుసంఘము వేరు. పరిచితమైన ప్రతి మాటవద్దను ఆగుటయే మేలు.

పుస్తకముతోపాటు కన్నులకును పని యుండవలెను. నందిగామ సీమయందలి గుమ్మడిదుర్రు, అల్లూరు బౌద్ధక్షేత్రములే. అల్లూరి బుద్ధ విగ్రహము విజయవాడ బాపు మ్యూజియమున నున్నది. 1926లో వెలుగుచూచిన నాగార్జునకొండ లోయ 1954 నుండి 1960 వరకు త్రవ్వబడి, సాగరజలములలో మునిగినది. అచటి శిల్పములు ద్వీపముపై నిలిచినవి. ధ్యానము నభ్యసింపదలచినవారికి గోయెంకా పద్ధతిలో పదిదినముల విపశ్యన శిక్షణ హైదరాబాదునను, నాగార్జునసాగరమునను రుసుము లేకయే లభించును. ఇది కొంత పఠనము జరిగిన పిమ్మట మాట.

గ్రంథాలయము చేయదగినది స్వల్పమే. ధమ్మపదము, జాతక కథలు, సిగాలోవాదము గల సూత్ర సంపుటము, సౌందరనందము, అంబేడ్కరు గ్రంథము ఒకే అరలో ప్రక్కప్రక్కన ఉంచవలెను. మతము, కావ్యము, రాజకీయము అని మూడు బీరువాలకు పంపరాదు. మాంధాత ఫలకమును చూడవలెనన్న చెన్నపట్టణము పోవలెను. దాని ఛాయాచిత్ర మొకటి తెప్పించి ఆ అరపైన తగిలించినచో, ధనంబోడు ఎక్కి వచ్చిన బాలుడు ఆ నాణెముల వాన ఏమని యడుగును. అప్పుడు అతని చేతికి 258వ జాతకము నీయవచ్చును.