మాహో బీచ్‌కి వన్ డే ట్రిప్: ఆ ఫెన్స్ జోలికి వెళ్లొద్దు!

కరీబియన్‌లో సింట్ మార్టెన్ దీవి, మాహో బీచ్. తల మీదుగా విమానాలు దిగే ఆ రీల్స్ మీరు చూసే ఉంటారు. క్రూయిజ్‌లో వెళ్తే షిప్ ఫిలిప్స్‌బర్గ్‌లో ఆగుతుంది. ముందు ఫోన్‌లో ఎయిర్‌పోర్ట్ అరైవల్స్ చూసి టైమ్ ప్లాన్ చేసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ట్రాఫిక్ ఉంటుంది, షిప్ మన కోసం ఆగదు మరి.

అందరూ దిగే విమానాన్ని చూసి భయపడతారు. కానీ నన్నడిగితే అసలు డేంజర్ టేకాఫ్‌తోనే. రన్‌వే చివర ఫెన్స్, తర్వాత రోడ్డు, ఆ పక్కనే బీచ్. ఇంజిన్ గాలి వెనక్కి, అంటే నేరుగా మన మీదకే కొడుతుంది. 2017 జూలైలో ఒక న్యూజిలాండ్ మహిళ ఆ గాలికి ఎగిరిపడి చనిపోయారు. కాబట్టి టేకాఫ్ టైమ్‌లో పక్కకి, దూరంగా జరగండి. వీడియో అక్కడి నుంచి కూడా బాగానే వస్తుంది, ఓకేనా?