బోర్డు దిగకుండా లోపలికి

పట్టాలు అందుకున్న పిల్లలారా, గౌనుల కింద మీరు వేసుకొచ్చిన బూట్లు వేదిక మీంచి బాగానే కనిపిస్తున్నాయి. కాబట్టి బట్టల గురించే మాట్లాడతాను.

1994 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని లాఫయెట్ వీధిలో జేమ్స్ జెబియా 'సుప్రీమ్' అనే స్కేట్‌బోర్డు దుకాణం తెరిచాడు. ఆయన స్కేటర్ కాదు, దుకాణాలు నడపడం తెలిసినవాడు. బట్టలన్నీ గోడల వెంబడి సర్ది, మధ్యలో నేలంతా ఖాళీగా వదిలేశాడు. వీపున సంచీతో వచ్చిన కుర్రాడు బోర్డు దిగకుండానే లోపలికి రావచ్చు. అమ్మడానికి నిలబడ్డవాళ్లూ స్కేటర్లే. ఏ వ్యాపారి లెక్కలోనైనా ఖాళీ నేల దండగ. ఆ దుకాణానికి పరువు తెచ్చింది మాత్రం ఆ దండగే.

సరుకు కొద్దికొద్దిగా కుట్టించడం వెనక మొదట్లో ఏ మాయా లేదు, అమ్ముడుపోక మిగిలిపోతుందన్న జంకు తప్ప. గురువారం గురువారం కొత్త సరుకు, దానికోసం వీధి పొడుగునా వరస, ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు. చూసి కాపీ కొట్టినవాళ్లు ఆ వరసనే కొట్టారు. ఖాళీ నేలను ఎవరూ పట్టించుకోలేదు.

చికాకు పెట్టే సంగతీ ఒకటుంది. ఎర్రటి పెట్టెలో తెల్లక్షరాల సుప్రీమ్ గుర్తు కళాకారిణి బార్బరా క్రూగర్ పనిని చూసి చేసుకున్నదే. ఆ గుర్తును వెక్కిరిస్తూ బట్టలు తెచ్చిన ఒక చిన్నపాటి ఆడవాళ్ల బట్టల బ్రాండు మీద 2013లో సుప్రీమ్ కోటి డాలర్ల దావా వేసింది. ఎరువు తెచ్చుకున్న గొడుగు కింద ఇంకొకరు తల దాచుకోకూడదట!

లండన్ కథ నాకు ఇంకా ఇష్టం. థేమ్స్ ఒడ్డున సౌత్‌బ్యాంక్‌లో, క్వీన్ ఎలిజబెత్ హాల్ అడుగున ఉన్న కాంక్రీటు చోట్లో 1970ల నుంచీ స్కేటింగ్ సాగుతోంది. 2009లో 'పాలస్' బ్రాండు పెట్టిన లెవ్ తంజు ఆ సౌత్‌బ్యాంక్‌లో తిరిగినవాడే. 2013లో ఆ చోటును అంగళ్లకు అప్పగించాలని చూస్తే వేలమంది అభ్యంతరాలు రాశారు. మరుసటి ఏడు చోటు దక్కింది. అంతకుముందెప్పుడో మూసేసిన భాగాన్ని కూడా 2019లో తెరిపించుకున్నారు.

మళ్లీ లెక్కల్లోకి వద్దాం. 2020లో వీఎఫ్ కార్పొరేషన్ సుప్రీమ్‌ను 210 కోట్ల డాలర్లకు కొంది. 2024లో ఎస్సిలార్‌లక్సోటికాకు 150 కోట్లకే వదిలించుకుంది. ఆ ఖాతాల్లో ఖాళీ నేలకు ఎంత విలువ కట్టారో!

రేపు మీరు బ్రాండు పెడితే, పొద్దస్తమానం మీ అంగడి ముందు తిరుగుతూ దానికి పేరు తెచ్చేది ఆ వీధి కుర్రాళ్లే. తలా ఒక టీషర్టు చేతిలో పెట్టి సరిపెట్టకండి. వాళ్ల వాటా కాగితం మొదటి నెలలోనే రాయించండి. బ్రాండును కొనేవాడు వచ్చాక రాద్దామంటే వాడి లాయరు ఒప్పుకోడు.