కొత్త సాయము - పాత పింఛను



మనము తరతరములుగా స్థిరపడిన రాష్ట్రములలో స్త్రీల ఖాతాలకు ప్రభుత్వమే రొక్కము పంపు పథకములు వెలసినవి. కర్ణాటకమున 2023లో గృహలక్ష్మి పేర నెలకు 2000 రూపాయలు, తమిళనాట అదే సంవత్సరమున 1000, మహారాష్ట్రమున 2024లో 1500, ఒడిశాలో అదే యేట సుభద్ర పేర సంవత్సరమునకు 10,000 రూపాయలు మొదలయ్యెను. ఇది సంతోషింపదగినదే.

అయితే పాత సాయము మాట యేమి? మహారాష్ట్ర నిబంధనలలో, వేరొక ప్రభుత్వ పథకమువలన నెలకు 1500 పొందు స్త్రీకి కొత్త సొమ్ము లేదు. ఏటికి 12,000 రూపాయల రైతుసాయము పొందువారికి నెలకు లోటు 500 మాత్రమే యిచ్చిరి. ఒడిశాలోను నెలకు 1500 దగ్గరనే గీత గీచిరి. తమిళనాట వృద్ధాప్యపు పింఛను పొందువారిని 2023లో మినహాయించిరి.

ఫలితమేమనగా, మహారాష్ట్రమున భర్త సంపాదన గల పేద ఇల్లాలికి 1500. నిరాధార పింఛనుతో బ్రదుకు వితంతువునకును 1500 మాత్రమే. ఆమె దిక్కులేనితనమును చూచి యిచ్చినది సాధారణ సాయముతో సమమైపోయినది. పునాదిపై గోడ లేపవలెను గాని, పునాదిరాళ్లనే గోడకు వాడరాదు.

కావున పింఛనును మినహాయింపక కొత్త సాయ మీయవలెనని ప్రభుత్వములకు విన్నవింతము. అంతవరకు, నిబంధన చదివించుకొనక ఏ తల్లియు పాత పింఛను వదలుకొనరాదు. స్థానిక భాష చదువరాని పెద్దలకు ఆ పత్రములను తెలుగున చదివి చెప్పుట మన సంఘపు పని.