విధవరాండ్రు చూపించిన వస్త్రములు



అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము 36 నుండి 42 వచనాలు ధ్యానిద్దాము. యొప్పేలో తబితా అనే శిష్యురాలు చనిపోయింది. ఆమెకే దొర్కా అని పేరు. లుద్ద నుండి పేతురుగారు వచ్చేసరికి మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. దొర్కా పలికిన మాట ఒక్కటైనా లూకా వ్రాయలేదు. ఆ బట్టలే సాక్ష్యమిచ్చాయి.

నాచారంలో తొంభై యేళ్లు దాటిన ఒక తల్లిగారి జ్ఞాపకార్థ కూడికలో నాకు ఆ మేడగదే కనబడింది. కుటుంబంవారు మాట్లాడాక ఉప్పల్ నుండి వచ్చిన ఒక విధవరాలు లేచింది. "మా ఆయన ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అమ్మ క్యారియర్ పంపింది. ఒక గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది" అన్నది. ఏ సంఘమని కూడా అడగలేదట!

ఆ తల్లిగారు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేవారు. మన స్త్రీల సమాజాల్లో ఇది పాత అలవాటే. ఇప్పుడు కానుక ఫోనులో పంపుతున్నాము, తప్పులేదు. కాని పిడికెడు తీసే చేతికి పూటపూటా బీదవాడు గుర్తుకొచ్చేవాడు.

2 తిమోతి 1:5లో పౌలుగారు తిమోతి అవ్వ లోయిని పేరుపెట్టి తలంచుకున్నారు. ఆమె విశ్వాసం యునీకేకు, తిమోతికి దిగివచ్చింది. మనమైతే అవ్వ నగలెవరికి అని లెక్క వేస్తాము. బియ్యం డబ్బా ఎవరికి?

నాచారంలో ఆ మాటే అడిగాను. పెద్దకోడలు లోపలికి వెళ్లి డబ్బా మూత తీసింది. సగం వరకు బియ్యం ఉన్నాయి. ఈ నెల ఎవరింటికి పంపాలో ఆమెకు తెలుసట.