చంటిబిడ్డ పాలు ఇంటిల్లిపాది పని

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 మన దినం. సరిగ్గా దానికి ముందు, ఆగస్టు 1 నుంచి 7 దాకా, తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. 1992 నుంచి ప్రపంచమంతా జరుపుతున్నారు. ఆ వారం అంగన్‌వాడీలో గర్భిణులను, బాలింతలను కూర్చోబెట్టి చెబుతారు. మగపిల్లలను, పెళ్లికాని ఆడపిల్లలను ఎవరూ పిలవరు. అందుకే ఈరోజు ఆ మాట మీకు చెప్పాలనుకున్నాను. నవ్వకండి, సిగ్గుపడకండి. కొన్నేళ్లలో మీరూ అమ్మానాన్నలవుతారు. ఇప్పటికే మేనమామలు, పిన్నమ్మలు అయినవాళ్లు మీలో ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది సూటిగా ఉంటుంది. పుట్టిన గంటలోపు బిడ్డకు రొమ్ము పట్టించాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదు. డాక్టరు రాసిన మందు, చుక్కలు, ఓఆర్‌ఎస్ మాత్రం ఇవ్వొచ్చు. ఏడో నెల నుంచి మెత్తగా పిసికిన బువ్వ, పప్పు, గుడ్డు మొదలుపెట్టి, రెండేళ్లదాకా, ఆపైన కూడా పాలు ఇవ్వొచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. దేశంలో నూటికి 88కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 42 మందే. ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవాళ్లు 64 మంది. మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు పెద్దాపరేషన్లు. కుట్లతో ఉన్న తల్లి తానుగా పక్కకు తిరగలేదు. బిడ్డను ఎత్తి రొమ్ముకు పట్టించే మనిషి ఒకరు పక్కన ఉంటే ఆమె కూడా పాలివ్వగలదు. ఆ మనిషి లేకపోతే చక్కెర నీళ్లు వస్తాయి, డబ్బా పాలు వస్తాయి.

ఇంట్లో వచ్చే అడ్డంకులు మీకు తెలిసినవే. ముర్రుపాలు పచ్చగా ఉన్నాయని పిండి పారబోస్తారు. బిడ్డకు జబ్బులు రాకుండా కాపాడే మొదటి మందు అదే. తేనె నాకిస్తారు. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం. ఆముదం పోస్తారు, గాడిద పాలు కొని పడతారు. ఇక వేసవిలో మన కర్నూలు, కడప ఎండ 40 డిగ్రీలు దాటితే, "నాలుక పిడచగట్టుకుపోతాంది, రెండు చుక్కలు నీళ్లు పట్టండి" అంటుంది అవ్వ. ప్రేమతోనే అంటుంది. కానీ తల్లిపాలలో నూటికి 87, 88 వంతులు నీళ్లే. బిడ్డ దాహం దాంతోనే తీరుతుంది. నీళ్లతో కడుపు నిండితే బిడ్డ పాలు తక్కువ తాగుతుంది. ఆ నీళ్లు మంచివి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు తాగాల్సింది తల్లి. పథ్యం పేరు చెప్పి బాలింతకు నీళ్లు, తిండి తగ్గించడం ఆపాలి.

ఈ మాట అవ్వతో పోట్లాడి చెప్పొద్దు. బిడ్డను ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోవడం, ఏడవకముందే ఎత్తుకోవడం మనకు నేర్పింది ఆ అవ్వలే. "అవ్వా, నీళ్లు అమ్మకిద్దాం, పాలు బిడ్డకిద్దాం" అనండి. వింటుంది.

"పాలు చాలడం లేదు" అనేది ఇంకో మాట. బిడ్డ ఏడ్చినప్పుడల్లా అది ఆకలి కాదు. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తూ, అంగన్‌వాడీ తూకంలో బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ ఎంత చీకితే అంత పాలు వస్తాయి. రాత్రిపూట ఇచ్చేది మానకూడదు. డబ్బా మొదలైతే చీకడం తగ్గుతుంది, చీకడం తగ్గితే పాలు తగ్గుతాయి. పైగా డబ్బా ఖరీదు. ఇంకో నాలుగు రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచుతారు. పాలపొడి డబ్బాలకు, పాలసీసాలకు ప్రచారం చేయకూడదని, ఉచితంగా పంచకూడదని 1992లోనే మన దేశంలో చట్టం వచ్చింది. తల్లికి ఎవరైనా డబ్బా ఊరికే ఇస్తుంటే అది చట్టవిరుద్ధమని తెలుసుకోండి.

ఇప్పుడు హాస్టల్ వార్డెన్‌గా నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి చెబుతాను.

వానలు సరిగా పడని ఏడు కోసిగి, ఆదోని, పత్తికొండ వైపు నుంచి జనం పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు పోతారు. చంటిబిడ్డలూ వెంట పోతారు. ఒక ఏడాది సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన మా ఆరో తరగతి పిల్ల తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "చంటిది ఉంది గదా మేడమ్. నేను మిరప సాల్లో ఉంటే దాన్ని ఎవరు పట్టుకోవాల?" అంది.

చేనిగట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల. ఉయ్యాల్లో మూడు నెలల బిడ్డ, పక్కన పదకొండేళ్ల అక్క. బిడ్డ ఏడిస్తే అక్క ఏం చేస్తుంది? చక్కెర నీళ్లు పడుతుంది, బిస్కెట్ తడిపి నాలుకకు రాస్తుంది. అమ్మ మధ్యాహ్నం బువ్వ వేళకు గాని రాదు. అప్పటికి పాలు గడ్డకట్టి నొప్పి, చేతులకు మిరప మంట. కొన్నాళ్లకు పాలు తగ్గిపోయాయి. ఉగాది దాటాక మా పిల్ల తిరిగొచ్చింది. సగం పాఠాలు పోయాయి. అక్కడ చంటిది బరువు తగ్గింది.

ఆ తల్లికి తెలియక కాదు. అంగన్‌వాడీలో విన్నదంతా నాకే అప్పజెప్పింది. ఆమెకు లేనిది వీలు.

ఉద్యోగం చేసే తల్లికి 2017 సవరణ తర్వాత 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అంటే సరిగ్గా ఆరు నెలలు. కూలి తల్లికి అలాంటి సెలవు లేదు. మొదటి కాన్పుకు మాతృవందన పథకం కింద వచ్చే 5,000 రూపాయలు ఆరు నెలల కూలికి సాటిరావు. పని దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. మంచి ఆలోచన. మిరప చేలో మనమే ఆ పద్ధతి పెట్టుకోవచ్చు. ఇరవై మంది ముఠాగా పోతున్నప్పుడు ఒక పెద్దామెను పిల్లల దగ్గర ఉంచి, ఆమె కూలి అందరూ పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది కొంచెమే. మేస్త్రీతో బయలుదేరకముందే మాట్లాడుకోవాలి. ఆ మేస్త్రీ మీ చిన్నాన్నో, మామో అయి ఉంటాడు. మీరే అడగండి.

తమ్ముళ్లకు ఒక మాట. మీ వదినకో, రేపు మీ భార్యకో కాన్పయితే నీళ్లు, కట్టెలు, గిన్నెలు, పెద్దపిల్లల పని మీరు తీసుకోండి. ఆరు నెలలు ఆమెను వలసకు పంపకుండా ఉండే దారి ఇంట్లో కూర్చుని వెతకండి. పోక తప్పకపోతే రెండు మూడు గంటలకోసారి బిడ్డను ఆమె దగ్గరికి ఎత్తుకుపొండి. మిరప చేతికి ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కోమనండి. తల్లి పిండి ఉంచిన పాలైతే సీసాతో వద్దు, శుభ్రంగా కడిగిన ఉగ్గుగిన్నెతో పట్టండి. మన ఎండలో ఎంతసేపు నిల్వ ఉంచొచ్చో ఏఎన్ఎంను అడగండి.

చెల్లెళ్లకు ఒక మాట. చదువు ముగించండి, పద్దెనిమిది నిండకుండా పెళ్లికి తలవంచకండి. తన ఒళ్లే ఇంకా ఎదుగుతున్న పిల్లకు మరో ప్రాణాన్ని పెంచడం భారం.

మన గోర్ బోలీలో అమ్మను యాడి అంటాం. యాడి పాలిస్తుంది. ఆమె చేతిలోని మిగతా పనులన్నీ మనం అందుకోవచ్చు. ఈ సంక్రాంతికి మీ తండా నుంచి ముఠా కదిలేటప్పుడు, చంటిబిడ్డల దగ్గర ఎవరుంటారో ముందే తేల్చండి. హాస్టల్లో ఏ పిల్ల మంచమూ ఖాళీ కాకూడదు.

 నమస్కారం.