కోడి రొమ్ముమాంసము – బస్తరు అడవి చెప్పు పాఠము
(సంఘ సభయందలి ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సభలో వంటను గూర్చిన ప్రసంగమునకు తావెక్కడిదని కొందరికి తోచవచ్చును. కాని ఒక జాతి సంస్కృతి గ్రంథములయందు ఎంత కలదో పొయ్యికడను అంతయే కలదు. పైగా బస్తరు తెలుగువారికి పరాయినేల కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇచ్చటికి వచ్చి రాజ్యము స్థాపించెనని ఐతిహ్యము. ఈ అడవుల అంచున ప్రవహించు శబరి కూనవరము కడ గోదావరిలో కలియుచున్నది. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్టణమునకు చేర్చు కొత్తవలస–కిరండూలు రైలుమార్గము వెంట ఉద్యోగరీత్యా నివసించు తెలుగు కుటుంబములు అనేకములు.

అట్టి కుటుంబములలో తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. కొవ్వు తగ్గింపుమని వైద్యుడు చెప్పగానే కోడి రొమ్ముమాంసము ఇంటికి వచ్చును. తోలు తీసి వండిన 100 గ్రాములలో సుమారు 31 గ్రాముల మాంసకృత్తులు ఉండును. కొవ్వు 4 గ్రాములకు మించదు. కాని ఇంటిపెద్ద ఒక ముక్క నోట వేసికొని, "పీచు నమలినట్లున్నది" అని పళ్ళెము ప్రక్కకు నెట్టును. మరునాడు గరిటెడు నూనె, పిడికెడు జీడిపప్పు ముద్ద అందులో చేరును. రుచి కలుగునేమో గాని వైద్యుని మాట గాలికి పోవును.

దోషము మాంసమునందు లేదు. వండు తీరునందు కలదు. బస్తరు సాలవనములలో తిరుగు ఎర్ర అడవికోడి పెంపుడు కోళ్ళకు మూలజాతి. అది దినమంతయు నేల గీరుచు నడచును. అపాయము తోచినపుడు చటుక్కున ఎగురును. అందుచేత నిత్యము శ్రమించు కాళ్ళయందు కండ ముదురురంగున, బిగువుగా నుండును. ఎక్కువసేపు ఉడికినకొలది అందలి బంధకపదార్థము కరగి జిగురై మాంసమును మెత్తబరచును. క్షణకాలపు ఎగురుటకై ఏర్పడిన రొమ్ముకండ తెల్లనిది. అందు కొవ్వును, ఆ బంధకపదార్థమును స్వల్పము. దానిని కాళ్ళతోపాటు గంటసేపు ఉడికించినచో కరగునది లేక, ఉన్న నీరు కాస్తయు బయటికి పోవును. మిగులునది పీచే.

బస్తరు గ్రామీణుడు ఈ శాస్త్రము చదువలేదు. కాని దాని ఫలితము నెరుగును. మాంసమునకు ఉప్పు, పసుపు, నూరిన మిరప, వెల్లుల్లి పట్టించి, ఆకులలో పొట్లముగా చుట్టి నివురుగప్పిన నిప్పులలో నుంచును. మంట మాంసమును తాకదు. ఆకులోని తేమయే ఆవిరియై దానిని వండును. అదే రైలుమార్గముపై నున్న అరకులోను, తూర్పుకనుమలలోని మారేడుమిల్లిలోను పచ్చి వెదురుబొంగులో మాంసము కూరి, మూతి ఆకులతో బిగించి నిప్పులపై కాల్చుదురు. నూనె అక్కరలేదు. పద్ధతులు రెండు, సూత్రమొకటి: తేమను బంధించుట.

ఇంటియందు దీని నాచరించుట సులభము. అరకిలో రొమ్ముమాంసమును పీచు సాగు దిశకు అడ్డముగా, చిటికెనవ్రేలి మందమున కోయవలెను. చెంచాడు ఉప్పు, అరచెంచా పసుపు, రెండు చెంచాల అల్లము వెల్లుల్లి ముద్ద, నూరిన పచ్చిమిరప, కొత్తిమీర, చెంచాడు చిక్కని చింతపండు రసము, చెంచాడు నువ్వులనూనె కలిపి అరగంట యుంచవలెను. ఉప్పు లోనికి దిగి నీటిని నిలుపును. అరటియాకును సెగపై వాడ్చి, అందు ముక్కలను పలుచగా పరచి, పొట్లము కట్టి, నీరు మరగుచున్న ఇడ్డెనపాత్రలో పదునైదు నిమిషములు ఆవిరిపై నుంచవలెను. దించిన పిమ్మట ఐదు నిమిషములు విప్పరాదు. మధ్యభాగమున గులాబిరంగు లేక, కారు రసము తేటగా నున్నచో వంట ముగిసినట్లే; ఉష్ణమాపకమున్నవారికి 74 డిగ్రీల సెంటీగ్రేడు గుర్తు. అంతకు తక్కువైనచో ఆరోగ్యమునకు కీడు. మిక్కిలి ఎక్కువైనచో రుచికి కీడు. పొట్లములో దిగిన రసమును పారవేయక అన్నములో కలుపుకొనవలెను.

అడవివారి వంటను మోటుదని నవ్వు అలవాటు పట్టణవాసులలో కొందరికి కలదు. ఎర్రచీమలతో నూరు చాప్‌డా పచ్చడి పేరు వినగానే మొగము చిట్లించువారును కలరు. ఆ చీమలలోని ఆమ్లము చింతపండువలె ఒక పులుపే యని వారు తలపరు. కొరతలో పుట్టిన నేర్పు ఈ వంటలది: నూనె కొద్దిగా నున్నచోట ఆవిరిని, పాత్ర లేనిచోట ఆకును వాడుకొనిరి. నూనె తగ్గింపుమని వైద్యుడు చెప్పిన ఇంటికి కావలసినదియు ఆ నేర్పే. బదిలీపై బస్తరు వచ్చిన తెలుగు కుటుంబము తిరిగి పోవునప్పుడు సంతలో కొన్న చింతపండుతోపాటు ఈ విద్యనుకూడ వెంట తీసికొనిపోవుట తగును. దానికి రైలులో అదనపు బరువు రుసుము లేదు.